ఫుప్పమ్మ క్యాసెట్

పోయిన నెల మరిపెడలో మా ఖాందాన్‌లో ఒక షాదీ జరిగింది. నిఖా అయిపోయింది, దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, పెద్దోళ్లు పాన్ నములుతూ జోడే కీ రఖమ్ ముచ్చట్లలో పడ్డారు. జవాన్ పిల్లలు మాత్రం నా చుట్టూ కుర్చీలు లాక్కొని కూర్చున్నారు.

ముచ్చట పాటల మీదికి మళ్లింది. ఒకడు కోక్ స్టూడియో అన్నాడు. 2022లో వచ్చిన 'పసూరీ' తర్వాత అంతటి పాట మళ్లీ రాలేదని వాడి దావా. ఇంకొకడు 'రాక్‌స్టార్' కంటే గొప్ప ఆల్బమ్ రహ్మాన్ చేయలేదన్నాడు. 'రోజా' ముందు అదెంత అన్నాడు వాడి అన్న. బీటెక్ చదివే ఒక అమ్మాయి, నుస్రత్ సాబ్‌ను విన్నాక మీ గొడవంతా పిల్లల ఆటలా ఉందని నవ్వింది. నాకు మస్తు ఖుషీ అయింది. పాట గురించి పిల్లలు ఇంత జోష్‌గా కొట్లాడుకోవడం చూసి ఎన్ని రోజులైందో!

"చచ్చా, మీ టాప్ టెన్ ఏంటి? చెప్పండి" అన్నారు.

నాకు కావాల్సింది అదే. గొంతు సవరించుకున్నాను. నుస్రత్ ఫతే అలీ ఖాన్, మెహదీ హసన్, బేగం అఖ్తర్, సాబ్రీ బ్రదర్స్, బడే గులామ్ అలీ ఖాన్, రఫీ సాబ్. హైదరాబాద్ ఇజ్జత్ కోసం అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పేరు కూడా చేర్చి, ఆయనకు 1971లో పద్మశ్రీ వచ్చిందని ఒక ముక్క తగిలించాను. పిల్లలు ఫోన్లలో పేర్లు రాసుకుంటున్నారు. నా జౌఖ్‌కు నేనే మురిసిపోతున్నాను.

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా ఫుప్పమ్మ కూర్చొని ఉంది. ఎనభై దాటాయి. చెవులు సరిగ్గా వినపడవని అందరం అనుకుంటాం. అంతా విన్నది. విని ఒక్కటే అడిగింది.

"సబ్ కే నామాఁ లియా రే తూ. మేరీ క్యాసెట్ కాఁ రక్ఖా?"

"హై ఫుప్పమ్మా, ఘర్ మే హై" అన్నాను.

అబద్ధం. ఆ క్యాసెట్ లేదు. లేకుండా చేసింది నేనే.

అప్పటినుంచి ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఈ రాత ఆ పిల్లల మీద కోపంతో రాస్తున్నది కాదు. నా మీద, నా వయసు మగాళ్ల మీద, మన ఇళ్లలో 'జౌఖ్ ఉన్నోళ్లం' అని తిరిగే నాలాంటి వాళ్ల మీద కోపంతో రాస్తున్నాను.

1989లో మా ఆపా షాదీ. సాంచక్ రాత్రి మా ఇంటి ఆంగన్‌లో ఆడోళ్లంతా ఢోలక్ పెట్టుకొని కూర్చున్నారు. మామూ సౌదీ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్‌లో ఒక కొత్త క్యాసెట్ వేసి, రెండు బటన్లు కలిపి నొక్కి, పాన్‌దాన్ పక్కన పెట్టాడు. ఫుప్పమ్మ ఢోలక్ మీద, పక్కన ఇంకొకామె చెంచాతో ఢోలక్ చెక్క మీద తాళం. సమ్‌ధన్‌ను ఆటపట్టించే పాటలు, చిక్సా పాటలు, మెహందీ పాటలు, పిల్లను సాగనంపేటప్పుడు పాడే పాటలు. అన్నీ దఖ్నీలో, మధ్యమధ్య తెలుగు మాటలు కలిసి. పాటకూ పాటకూ నడుమ నవ్వులు, మా దాదిమా దగ్గు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, చాయ్ తెమ్మని కేక. అన్నీ ఆ క్యాసెట్‌లో ఎక్కాయి. తెల్లారి అబ్బా స్క్రూడ్రైవర్‌తో క్యాసెట్ వెనక ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేశాడు. అవి విరిస్తే దాని మీద మళ్లీ రికార్డ్ కాదు. ఆ రోజుల్లో అందరికీ తెలిసిన సంగతే.

ఆ ఖాళీలో కాగితం మడిచి పెడితే మళ్లీ రికార్డ్ అవుతుందన్నది కూడా అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

1994లో 'ప్రేమికుడు' వచ్చింది. నాకు పదహారేళ్లు. ఖాళీ క్యాసెట్‌కు పైసలు లేవు. బీరువాలో అమ్మీ చీరల కింద ఆ క్యాసెట్ దొరికింది. కాగితం మడిచి పెట్టి, బస్టాండ్ దగ్గరి రికార్డింగ్ సెంటర్‌లో ఇచ్చాను. రెండు వైపులా నింపించుకున్నాను. మూడేళ్లకు ఆ రీలు కూడా నలిగి పారేశాం.

ఆ రోజుల్లో మరిపెడ బంగ్లా దగ్గర చాయ్ హోటల్లో మాకొక బల్ల ఉండేది. ఆ బల్ల మీద ఎన్ని ముఖద్దమాలు నడిచాయో! ఇళయరాజానా, రహ్మానా? రఫీనా, కిశోర్‌నా? 'మొహ్రా' పాటకు మూలం నుస్రత్ సాబ్ ఖవ్వాలీ అని ఒకడు ఖమ్మం నుంచి క్యాసెట్ తెచ్చి మరీ సాబిత్ చేశాడు. వరంగల్ బస్సు వెళ్లిపోయినా మా లొల్లి ఆగేది కాదు. అది మంచి లొల్లే. పాట ఎట్లా వినాలో నేను అక్కడే నేర్చుకున్నాను. కానీ ఆ బల్ల మీద అంతమంది పేర్లు వచ్చినా, ఒక్కసారి కూడా మాలో ఎవరూ 'మా అమ్మీ పాడుతది', 'మా ఖాలా పాడుతది' అనలేదు. అంటే నవ్వేవాళ్లం. మాకు పాట అంటే క్యాసెట్ మీద అచ్చయిన పేరు. కవర్ ఉండాలి, కంపెనీ ఉండాలి, కింద ధర ఉండాలి. ఇంట్లో ఢోలక్ కొట్టేది పాట కాదు, షాదీ సామాన్‌లో ఒకటి. డేగ్, షామియానా, ఢోలక్.

ఇప్పుడు మన ముష్కిల్ ఏమిటో సాఫ్‌గా చెప్తాను. మనం వినే పాటలన్నీ ఒకటి కాదు. కొన్ని నలుగురిలో చెప్పుకునేవి, కొన్ని దాచుకునేవి. చెప్పుకునేవి గజల్, ఖవ్వాలీ. అవి వింటామంటే తహ్‌జీబ్ ఉన్నోళ్లం అవుతాం. దాచుకునేవి ఇంటి ఆడోళ్ల ఢోలక్ పాటలు, పీర్ల పాటలు, తెలుగు పాటలు. అవి పేరు లేనివి, 'గాఁవ్‌డే' పాటలు. ఆ రోజు పిల్లలకు నేను చెప్పిన లిస్టు మళ్లీ చూసుకోండి. తెలుగులో డిగ్రీ చేసినోణ్ని, తెలుగు రాసి రోటీ తింటున్నోణ్ని. నా పదిలో ఒక్క తెలుగు పాట లేదు. ఒక్క దఖ్నీ పాట లేదు. ఉర్దూ మీడియంలో చదివినందుకు మోసుకొచ్చిన గురూర్ అది. స్కూల్లో మాకు ఉర్దూ అంటే ఢిల్లీ, లఖ్‌నవూ. ఇంట్లో అమ్మీ మాట్లాడే 'నక్కో', 'హౌ', 'కైకు' తప్పు జుబాన్ అన్నట్టే పెరిగాం.

లిస్టులో బేగం అఖ్తర్ పేరు కూడా చెప్పాను కదా. ఆమె సంగతి వినండి. అఖ్తరీబాయి ఫైజాబాదీగా పేరు తెచ్చుకున్న ఆమె 1945లో ఒక బారిస్టర్‌ను నిఖా చేసుకుంది. ఆ తర్వాత పాట మానేసింది. శరీఫ్ ఇంటి బేగం కదా, పాడొద్దు. కొన్నేళ్లకు మంచం పట్టింది. మళ్లీ పాడితేనే మనిషి కోలుకుంటుందన్నారు. 1949లో లఖ్‌నవూ రేడియోలో మళ్లీ గొంతు విప్పింది. మనం నెత్తిన పెట్టుకుని వినే గజళ్లలో ఎన్నో ఆ తర్వాత పాడినవే. ఈ ఖిస్సా చెప్పి 'వాహ్' అనే మగాళ్లను నేను ఎంతమందినో చూశాను. వాళ్ల ఇళ్లలో బీవీ కూనిరాగం తీస్తే 'బయటికి వినపడుతుంది, మెల్లగా' అంటారు. నేనూ అన్నాను. అనలేదని ఖసమ్ చేయలేను.

'పాటే హరామ్ అయితే ఇంక ఈ బహస్ ఎందుకు?' అనే భాయీలు కూడా దీన్ని చదువుతారు. వాళ్లతో నాకు దుష్మనీ లేదు. సాజ్‌ల గురించి, సమా గురించి ఉలమాల మధ్య వందల ఏళ్లుగా ఇఖ్తిలాఫ్ ఉంది. నేను ముఫ్తీని కాదు, ఫత్వా ఇవ్వను. కానీ ఈద్ రోజు హజ్రత్ ఆయిషా ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ కోప్పడ్డారనీ, రసూలుల్లాహ్ వాళ్లను పాడుకోనివ్వమన్నారనీ చెప్పే రివాయత్ సహీహ్ బుఖారీలోనే ఉంది. ఈ ఇఖ్తిలాఫ్‌లో నన్ను కష్టపెట్టేది ఒక్కటే. ఫుప్పమ్మ ఢోలక్‌ను హరామ్ అని ఆపించిన ఫంక్షన్ హాల్లోనే, గంట తర్వాత బారాత్ ముందు డీజే మోగుతుంది. గోడలు అదురుతాయి. దాన్ని ఆపమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. దానికి పైసలిచ్చింది లడ్కేవాలే కాబట్టి. మన తఖ్వా కూడా బలహీనుల మీదే నడుస్తుందా?

ఇంకో సంగతి. దక్కన్‌లో మన దీన్ ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? తల్వార్‌తో వచ్చిందని వాళ్లంటారు, కితాబులతో వచ్చిందని మనమంటాం. రిచర్డ్ ఈటన్ అనే చరిత్రకారుడు 1978లో బీజాపూర్ సూఫీల మీద ఒక పుస్తకం తెచ్చాడు. అందులో చక్కీనామాల గురించి, చర్ఖానామాల గురించి రాశాడు. ఇవి దఖ్నీ పాటలు. ఆడోళ్లు తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ పాడుకునేవి. ఆ పాటల్లో తిరగలి పిడి అలిఫ్ అక్షరంలాగా నిలబడుతుంది, తిరిగే రాయితో పాటు అల్లాహ్ జిక్ర్ నడుస్తుంది. పిల్లలకు లోరీలు కూడా అట్లాగే. మస్జిద్ మెట్లెక్కని ఆడోళ్లకు, అక్షరం రాని ఆడోళ్లకు దీన్ ఆ పాటల మీదుగా వంటింట్లోకి వచ్చిందంటాడు ఈటన్. ఇప్పుడు చెప్పండి, తిరగలి దగ్గర పాడిన ఆ గొంతులను గాఁవ్‌డే అని తోసేసే హఖ్ మనకెక్కడిది?

పీర్ల పాటల సంగతి ఇంకా కష్టంగా ఉంటుంది. మా చిన్నప్పుడు మొహర్రంలో అలావా చుట్టూ డప్పులు మోగేవి. హసన్ హుసేన్‌ల మీద పాటలు, తెలుగులో. మాదిగ పల్లె నుంచి డప్పు, తండాల నుంచి లంబాడీ అక్కలు, మా గల్లీ నుంచి మలీదా. కర్బలాలో నీళ్ల కోసం ఏడ్చిన పిల్లల గోస నేను మొదటిసారి విన్నది ఉర్దూలో కాదు, తెలుగు పాటలోనే. తర్వాత మన ఇళ్లలో బిద్అత్ అన్నారు. మనం తప్పుకున్నాం. పాట తప్పుకోలేదు. ఇప్పటికీ చాలా ఊళ్లలో పీర్లను ఎత్తుకునేదీ, పాడేదీ మనవాళ్లు కానివాళ్లే. మన ఇమామ్‌ల మీద తెలుగు పాటలు వినాలంటే మనం వాళ్ల దగ్గరికి పోవాలి. ఖమ్మం జిల్లా నుంచి వెళ్లిన మన అఫ్సర్, అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప మీద ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఆక్స్‌ఫర్డ్‌కు చేరిన ముచ్చట మన ఇంటి టాప్ టెన్‌లోకి రాలేదు. అఖీదా మీది, నేను కాదనను. పీరు ఎత్తకండి. పాట వినడానికేం?

తెలుగు మనది కాదనుకునే రోగానికి దవా మా మరిపెడ పక్కనే ఉంది. చిన్నగూడూరు. దాశరథి కృష్ణమాచార్య 1925లో పుట్టిన ఊరు. నిజాం సర్కారు జైల్లో పెడితే, నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి. అంత కొట్లాడిన మనిషి 1961లో 'గాలిబ్ గీతాలు' అచ్చు వేశాడు. గాలిబ్‌ను తెలుగు ఇళ్లకు తీసుకొచ్చింది మనవాళ్లు కాదు, ఆయన. అదే ఏడాది 'ఇద్దరు మిత్రులు' సినిమాకు రాసిన పాటను 'ఖుషీ' అనే మన మాటతోనే మొదలుపెట్టాడు. నవాబు మీద కోపం జుబాన్ మీద చూపలేదాయన. మనమేమో నవాబు పోయి డెబ్బై ఏళ్లు దాటినా, తెలుగు పాట నచ్చిందని చెప్పడానికి అటూఇటూ చూస్తాం.

ఇంకా దూరం పోదాం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం ఎంత గొప్పదంటే, ఆయన శ్రీరంగంలో స్థిరపడితే తమిళ దేశమంతా తలవంచి విన్నది. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చొని నాదస్వరం ఊదుతారు. కాలీషాబీ గురించి మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు తెలుసు? నేను ఆ రోజు కసూర్‌లో పుట్టిన బడే గులామ్ అలీ ఖాన్ పేరు చెప్పాను. ఆయన 1968లో కన్నుమూసింది హైదరాబాద్‌లోనే, మన మట్టిలోనే ఉన్నారు. చెప్పాల్సిన పేరే. కానీ కరవది పేరు నా నోట రాలేదు. ఎందుకు? దేవుడి గుడి ముందు ఊదిన వాద్యం మనది కాదనుకున్నాను. ఊదిన ఊపిరి మనది కాదా?

అవతలివాళ్లకు కూడా ఒక మాట. రంజాన్ వస్తే చాలు, 'భాయ్, మంచి ఖవ్వాలీ ఒకటి చెప్పు' అని నన్ను అడిగే తెలుగు దోస్తులున్నారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ మనం అంటే వాళ్లకు ఖవ్వాలీ, హలీమ్. వాళ్ల తప్పు సగమే. మన ఇంట్లో ఇంకా ఏమేం పాడతామో మనం చెప్తే కదా వాళ్లకు తెలిసేది!

1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చినప్పుడు నేను వణికిపోయాను. మన ఇంటి మాట, మన అమ్మీ మాట తెలుగు అక్షరాల్లో కనిపించింది. అప్పటినుంచి కవితలొచ్చాయి, కథలొచ్చాయి. మన ఇంటి పాట మాత్రం ఇంకా బయటే నిలబడి ఉంది. అది రాసిపెట్టుకునేది కాదు, గొంతులో ఉండేది. గొంతులు ఒక్కటొక్కటిగా ఖబ్రస్తాన్‌కు పోతున్నాయి. మన పిల్లలకు ఉర్దూ చదవడం రాదు. ఢోలక్ పాటను ఉర్దూ లిపిలో రాసిపెట్టినా వాళ్లకు అందదు. తెలుగు లిపిలోనే దఖ్నీ పాట రాయాలి. ఆ పని మనం తప్ప ఇంకెవరూ చేయలేరు.

కాబట్టి నా దరఖాస్తు ఇది. అందరి జేబుల్లో ఫోన్ ఉంది. అమ్మీ దగ్గరికో, నానిమా దగ్గరికో వెళ్లండి. ముందు ఇజాజత్ తీసుకోండి. 'ఔరత్ ఆవాజ్‌కు పర్దా ఉంది, యూట్యూబ్‌లో పెట్టొద్దు' అంటే పెట్టకండి. ఇంట్లోనే ఉంచుకోండి, మనవరాళ్లు వింటారు. పాట ఎవరు నేర్పారో, ఏ ఊర్లో పాడేవాళ్లో, ఏ రస్మ్‌కు పాడేవాళ్లో అడిగి రాసుకోండి. సౌండ్ బాగాలేదని ఆగకండి. తర్వాత దోస్తులు 'ఏం వింటున్నవ్ రా' అని అడిగినప్పుడు, నుస్రత్ సాబ్ పేరు పక్కనే ఆ పేరూ చెప్పండి.

ఇది రాయకముందే ఫుప్పమ్మ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. ఎవరో చదివి చెప్పడం కంటే నేను చెప్పడమే మేలనుకున్నాను. విని చాలాసేపు ఖామోష్‌గా ఉంది. పాన్‌దాన్ తెరిచింది, మూసింది. కోపంగానే ఉంది. తర్వాత అడిగింది.

"కౌన్‌సీ పిక్చర్ థీ?"

"ప్రేమికుడు."

"గానే అచ్ఛే థే క్యా?"

"అచ్ఛే థే ఫుప్పమ్మా."

ఇంకేమీ అనలేదు. ఫోన్ ఆన్ చేసి ముందు పెట్టాను. వేళ్లతో పాన్‌దాన్ మూత మీద తాళం వేసింది. నాలుగు పాటలు పూర్తిగా గుర్తున్నాయి. ఐదోది సగంలో ఆగింది. ఖమ్మంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేయమంది. ఆమె అటునుంచి తర్వాతి మాట అందించింది, ఇద్దరూ ఫోన్‌లోనే కలిసి పాడారు. ఆరోది ఇద్దరికీ గుర్తు రాలేదు. అది ఆ క్యాసెట్‌లో ఉండింది.

రికార్డింగ్ పద్దెనిమిది నిమిషాలు వచ్చింది. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా ఉంది. పిల్లలు మళ్లీ టాప్ టెన్ అడిగితే ఇదే మొదట వినిపిస్తాను.